సంగటిని విస్కుతో తిప్పే మొనగాళ్ళకు

పొద్దున్నే ఒక రీల్ చూసినా. ఇంకా ఒళ్ళు మండతానే ఉండాది.

"పది నిమిషాల్లో హెల్దీ రాగి ముద్ద" అంట. గిన్నెలో నీళ్ళు కాగబెట్టి, రాగిపిండి గుమ్మరించి, కేకులోకి గుడ్లు గిలక్కొట్టే విస్కుతో గిరగిరా తిప్పి, ఐస్‌క్రీమ్ గరిటెతో గుండ్రంగా తీసి ప్లేట్లో పెట్టినాడు ఆ మహానుభావుడు. పైన ఒక కొత్తిమీర రెమ్మ. సంగటి మీద కొత్తిమీర! రోలుకు గొడుగు పట్టినట్టు. స్పూనుతో ముద్ద విరిస్తే లోపల పచ్చిపిండి పొడిపొడిగా రాలింది, అయినా సిగ్గులేకుండా కెమెరా దగ్గరికి తెచ్చి చూపించినాడు. కింద చూస్తే ఒకరెనక ఒకరు "మా అవ్వ గుర్తొచ్చింది" అని ఏడుపు బొమ్మలు. మీ అవ్వే గనక చూసుంటే ఆ విస్కు ఎత్తుకొని మీ ఎంట బడుండేది.

ఒకేసారి చెప్తా, మళ్ళీ అడగొద్దండి.

సంగటికి బియ్యం కావల్ల. గ్లాసుడు బియ్యం, నూకలైతే ఇంకా మంచిది, అరగంట నానాల. ఐదు గ్లాసుల ఎసురు పెట్టి, ఉప్పేసి, మెతుకు వేలితో నొక్కితే చితికిపోయేదాకా ఉడకనీయాల. గంజి వార్చేది లేదు, పిండిని పట్టుకునేది ఆ గంజే. బియ్యం ఉడికినాక కూడా పైన రెండు వేళ్ళ మందాన నీళ్ళు నిలబడుండాల. లేకుంటే వేణ్ణీళ్ళు పోసుకోండి, చన్నీళ్ళు పోస్తే ఉడుకు చచ్చిపోతాది. అప్పుడు గ్లాసుడు రాగిపిండి నడిమధ్యన కుప్పగా పొయ్యాల, ముద్ద గట్టిగా కావాలనుకుంటే ఇంకో పావు గ్లాసు. పోసి తిప్పగూడదు. ఇంకోసారి చెప్తా, తిప్పగూడదు. తెడ్డు కాడతో కుప్పలో అడుగుదాకా రెండు మూడు బొక్కలు పొడిచి, మూతేసి, మంట తగ్గించి 10–12 నిమిషాలు దాని మానాన దాన్ని వదిలెయ్యాల. ఆ బొక్కల్లోంచి ఎసురు కుతకుతమని పైకి తన్ని, ఆవిరితో పిండిని ఉడికిస్తాది. పచ్చివాసన పోయి కమ్మటి వాసన మొదలైనాక దించి, అప్పుడు తిప్పాల. తిప్పడమంటే విలాసంగా కలియబెట్టడం కాదు. గిన్నెను గట్టిగా అదిమిపెట్టి, తెడ్డుతో అంచుకేసి రుద్ది రుద్ది, జబ్బలు నొప్పెట్టేదాకా.

కాగే నీళ్ళల్లో పొడిపిండి పోసి ఆ క్షణమే తిప్పితే ఏమైతాది? పిండి ఉండలు కడతాది. ప్రతి ఉండకూ పైపొర ఉడికి జిగురై గోడలాగా నిలబడతాది, ఇంక లోపలికి నీళ్ళు పోవు, ఆవిరి పోదు. అట్లా మిగిలిపోయిన పచ్చిపిండే రీల్‌లో రాలింది. అది తిని "రాగులు మాకు పడవండీ, కడుపుబ్బరం" అని డాక్టరు దగ్గర చెప్పేది. పడనిది రాగులు కాదు నాయనా, నీ తొందర.

ఉడికిందా లేదా అనేదానికి యాప్ అక్కర్లేదు. వేలు తడి చేసుకొని ముట్టుకుంటే అంటగూడదు. తడి పళ్ళెంలో వేసి, చేతులు తడుపుకొని, వేడి మీదనే ముద్ద చెయ్యాల. చల్లారినాక చేస్తే పగుళ్ళిస్తాది. ముద్ద నడిమిన గుంట తీసి నెయ్యి పోసుకోవల్ల, కొత్తిమీర కాదు. తినేటప్పుడు నమలగూడదు, తుంచి పులుసులో అద్ది మింగెయ్యాల. నమిలితే పండ్లకు అతుక్కుంటాది, ఆ తర్వాత "టెక్స్‌చర్ కొంచెం స్టికీగా ఉంది" అని మీరు రివ్యూ రాస్తారు.

ఇంగ హోటళ్ళ సంగతి. తిరుపతి బైపాసులో ఒక హోటలోళ్ళ మెనూ కార్డు వాట్సాప్‌లో తిరగతా ఉండాది, చూసే ఉంటారు. "రాగి బాల్స్ విత్ పీనట్ డిప్". పీనట్ డిప్ అంట! మన రోటి పచ్చడిని ఊరిబిండి అని రాస్తే వాళ్ళ ఏసీ పనిచెయ్యదా ఏంది? చిత్తూరోళ్ళ ముందర, చిత్తూరోళ్ళ సొమ్ముతో, చిత్తూరు మాట రాయడానికి నామోషీ. ఆ డిప్పు ఫొటోలో చూస్తే పెరుగులాగా నున్నగా ఉండాది. ఊరిబిండి నున్నగా ఉంటే దాన్ని ఊరిబిండి అనరు, దోశల్లోకి చెట్నీ అంటారు.

చెనిగ్గింజలు, అంటే వేరుశెనగలు, రెండు పిడికిళ్ళు సన్నమంట మీద వేయించాల, పొట్టు మీద మచ్చలు పడి చిటపటమనేదాకా. పెద్దమంట పెడితే పైన మాడతాది, లోపల పచ్చిగా ఉంటాది, నాలిక మీద చేదు మిగులుతాది. ఎనిమిది ఎండుమిరక్కాయలు చుక్క నూనెలో వేయించి, రోట్లో ముందు మిరక్కాయలు, రాళ్ళుప్పు, నిమ్మకాయలో సగమంత చింతపండు దంచాల. ఆ తర్వాత నాలుగైదు తెల్లగడ్డ (వెల్లుల్లి) రెబ్బలు, దాని మీద చెనిగ్గింజలు. గింజ పలుకు పంటికి తగలాల. చిట్టచివర ఒక పచ్చి ఎర్రగడ్డ (ఉల్లిపాయ) వేసి రెండు దెబ్బలు, అంతే. మిక్సీ బ్లేడు ఆపకుండా తిరిగితే వేడికి చెనిగ్గింజ నూనె కక్కి బంకైపోతాది, ఎర్రగడ్డ నీళ్ళొదిలి చేదెక్కతాది. రోలు లేదా, సరే, ఎవురి ఇంట్లో ఉంది గనక. మిక్సీనే ఆపి ఆపి తిప్పండి, ఎర్రగడ్డ మాత్రం కత్తితో సన్నగా తరిగి చేత్తో కలపండి. ఇంత చిన్న పని.

పుల్లగూర గురించి మొదలుపెడితే నాకు తెల్లారిపోతాది. చెంచలాకు, దొగ్గలాకు, పొనగంటాకు అంటే ఇప్పుడు పిల్లకాయలు ఏదో ఊరి పేర్లనుకుంటారు. చేనిగట్టు మీద ఊరికే మొలిచే ఆకు అది. ఇప్పుడు దాన్ని మందు కొట్టి చంపి, పాలకూర కట్ట కొనుక్కొచ్చుకుంటా ఉండాము. ఒక్క మాట చెప్పి వదిలేస్తా. ఆకు, పచ్చిమిరక్కాయలు మెత్తగా ఉడికినాకే చింతపండు వెయ్యండి. ముందే వేస్తే పులుపుకు ఆకు బిగుసుకుపోయి ఎంత ఉడికినా నార నారగా ఉంటాది. ఎనిపేముందు నీళ్ళు వేరే గిన్నెలోకి వంచుకోండి, లేకుంటే ఆకు నలగదు, గుత్తి కింద ఈదతాది. ఎనిపినాక ఆ నీళ్ళే మళ్ళీ పోసుకోవల్ల. పారబోసేవాళ్ళను ఏమనాలో నాకు తెలీదు.

అసలు కడుపు మండేది పితికిపప్పు దగ్గర, అదే నానిన అనపగింజల పొట్టు పితికి తీసి వండే కూర.

చలికాలం వస్తే పలమనేరు, పుంగనూరు, కుప్పం పక్క అనపకాయ సంతల్లో కుప్పలు పోస్తారు. అదే కాయకు బెంగళూరోళ్ళు ఏటా అవరెకాయి మేళా పెట్టి, దోశ నుంచి జిలేబీ దాకా అన్నిట్లో వేసి, జనాన్ని వరసల్లో నిలబెడతారు. మనం? సుట్టాలొస్తే పితికిపప్పు గిన్నె లోపల దాచిపెట్టి పనీరు కూర ముందర పెడతాము. తిరుపతి లడ్డూకు 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, మంచిదే, కండ్లకద్దుకుంటాం. అయితే మన పక్క మనిషి ఇంట్లో తినేది లడ్డూ కాదు గదా. పితికిపప్పు పేరు చెప్తే హైదరాబాదులో "అదేం పప్పండీ, కందిపప్పా?" అంటారు. వాళ్ళ తప్పేముంది, చెప్పుకోలేని మనల్ని అనాల.

కాయ ఎంచేటప్పుడే సగం కూర అయిపోతాది. గింజ బలిసుండాల, తొక్క మాత్రం పచ్చగా ఉండాల. చేత్తో పట్టుకుంటే జిగురంటి ఘాటు వాసన రావల్ల. ఆ వాసన లేని కాయ దండగ. కిలో కాయ ఒలిస్తే అరకిలో గింజ కూడా దక్కదు, కాబట్టి నలుగురికి రెండు కిలోలకు తక్కువ కొనద్దండి. గింజలు రాత్రంతా నీళ్ళల్లో నానబెట్టి, పొద్దున బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యన పెట్టి పితికితే పప్పు టప్పున ఎగిరి గిన్నెలో పడాల. లేతగింజ అయితే పితకంగానే నుజ్జైపోతాది, ముదురుదైతే పొట్టు ఊడదు. కొందరు తెలివైనోళ్ళు త్వరగా నానతాదని కాగే నీళ్ళు పోస్తారు. పప్పు లోపల సగం ఉడికిపోయి, పితికేటప్పుడు ముక్కలైతాది. అడ్డదారి యాడా లేదు దీనికి.

మసాలాకు అర చిప్ప పచ్చికొబ్బరి, రెండు స్పూన్ల ధనియాలు, స్పూను గసగసాలు, అంగుళం చెక్క, మూడు లవంగాలు, అల్లం ముక్క, ఏడెనిమిది తెల్లగడ్డ రెబ్బలు, వేయించిన ఎర్రగడ్డ ఒకటి. మెత్తగా రుబ్బాల. చెనిక్కాయ నూనెలో తిరగవాత పెట్టి, ఎర్రగడ్డ, రెండు టమేటాలు మగ్గినాక మసాలా వేసి నూనె తేలేదాకా వేయించాల. ఇది తొందరపడితే కూరంతా పచ్చి ధనియాల వాసన. ఆ తర్వాత పసుపు, కారం, పప్పు, పప్పు మీద అంగుళం ఎత్తున నీళ్ళు. మూత ఓరగా పెట్టి పావుగంట. గరిటెతో కుళ్ళబొడవకుండా గిన్నెను పట్టుకొని విదిలించాల. పప్పు మెత్తబడాల గానీ బద్ద ఆకారం చెడగూడదు. కుక్కర్లో ఒక్క విజిలొస్తే గూడా గోవిందా, మిగిలేది మసాలా గంజి. ఉర్లగడ్డ (బంగాళాదుంప) వేసుకునేటట్టయితే ముందు దాన్ని సగం ఉడకబెట్టుకొని వెయ్యండి, పప్పు దానికోసం కాచుకోదు.

"ఇంత పని ఎవురు చేస్తారండీ" అని అంటా ఉండారు గదా మనసులో? అదే అడగబోతా ఉండా. ఎవురు చేసేవాళ్ళు ఇన్నాళ్ళూ?

రెండు కిలోల కాయ ఒలిచి, పితికి, మసాలా రుబ్బి, సంగటి కెలికి, అందరికీ వడ్డించి, చివర్న అడుగంటిన మాడు గీక్కొని తినింది ఇంటి ఆడమనిషి. "అమ్మ చేతి రుచి, అమ్మ చేతి రుచి" అని పోస్టులు పెట్టే మగమహారాజుల్లో ఒక్క గింజ పితికినోడు ఉంటే చెయ్యి ఎత్తండి. ఎత్తరు. నలుగురు చుట్టూ కూర్చొని టీవీ చూస్తా పితికితే గంటలో అయ్యే పని, ఒక్కతే చేస్తే పూటంతా. ఆమె విసుగొచ్చి ఒకరోజు మానేసింది. అప్పుడు "ఈ కాలం ఆడోళ్ళకు వంట రాదు" అనినారు. పాతవంటలు పోయినాయని ఏడ్చేవాళ్ళు ముందు ఆ మాట ఎనక్కి తీసుకోవల్ల.

ఇంకో పాత బాకీ గూడా ఉండాది, తీర్చేసుకుంటా. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చింది. ఆకలి తీర్చిన పథకం, ఒక్క మాట అనను. అయితే తెల్లన్నంతో పాటు తెల్లటి పొగరు గూడా వచ్చింది మనకు. సంగటి తినేవాడంటే లేనోడు, కూలోడు. బడికి సద్ది సంగటి తెచ్చుకున్న పిల్లోడికి పేర్లు పెట్టినారు. పెండ్లి సంబంధానికి పోయి "వాళ్ళింట్లో రాత్రిపూట సంగటంట" అని చెవులు కొరుక్కున్నారు. సరిగ్గా వాళ్ళే, 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరమని ప్రకటించంగానే మిల్లెట్ మేధావులై కూర్చున్నారు. వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం అని మనకే పాఠం చెప్తా ఉండారు. రాత్రి మిగిలిన ముద్దను నీళ్ళల్లో వేసి, పొద్దున మజ్జిగ, ఉప్పు, ఎర్రగడ్డ ముక్కలతో పిసుక్కొని తాగితే అప్పుడు దరిద్రం. ఇప్పుడు గాజుగ్లాసులో పోసి "గట్ హెల్త్" అంటే ఆరోగ్యం. ఆ పిల్లోడికి ఎవురన్నా క్షమాపణ చెప్పినారా? నాకు తెలిసి ఇంతవరకూ లేదు.

పెండ్లిళ్ళల్లో చూడండి. ఓళిగ ఒకటి పేరుకు వేస్తారు, అదీ బెల్లం పాకం ముదిరి అట్టముక్క అయినది. మిగతాదంతా గోబీ మంచూరియా, ఏదో నూడుల్స్, మూడు రంగుల ఐస్‌క్రీము. ఉలవచారు మాత్రం ఇప్పుడు ఫ్యాషనై బకెట్లలో వస్తా ఉండాది, పైన క్రీము వేసి మరీ. ఉలవకట్టు మీద క్రీము! ఉలవల్ని రాత్రి నానబెట్టి, ఆరింతల నీళ్ళల్లో గంటలకొద్దీ కాచి, ఆ కట్టులోకి పిడికెడు ఉడికిన ఉలవలు రుబ్బి కలిపితే చిక్కదనం దానంతటదే వస్తాది. కాచే ఓపిక లేనోడికే క్రీము కావల్ల. మిగిలిన గుగ్గిళ్ళు యాడికి పోతా ఉండాయో, చెత్తకుండీకేమో.

ఆ రీల్ పెట్టిన అబ్బోడికి మర్యాదగానే రాసినా కింద, "బియ్యం యాడ నాయనా?" అని. "గ్లూటెన్ ఫ్రీ వెర్షన్ అక్కా" అని జవాబు పెట్టినాడు. గోధుమల్లో ఉండే గ్లూటెన్ బియ్యంలో ఉందంట! ఇంగ నేనేం మాట్లాడేది.

అనపకాయ రావడం మొదలైంది. కొనుక్కొచ్చుకుంటే ఇంట్లో అందరూ కూర్చొని ఒలవండి, మగోళ్ళతో సహా. ఫోన్లు మాత్రం ఎత్తి అటకమీద పెట్టండి. కాయ జిగురు స్క్రీనుకు అంటుకుంటే ఒక పట్టాన పోదు.