నలుగురిచేతా నిమిరిస్తే షెపర్డ్ బెరుకు పోదు

‘జర్మన్ షెపర్డ్ గానీ బోర్డర్ కోలీ గానీ కొత్తవాళ్లను చూసి మొరిగితే అది పెంపకం లోపమే. వచ్చినవాళ్లందరిచేతా నిమిరించండి, వీధికుక్కల మధ్య వదలండి, గుర్రుమంటే గొలుసు గుంజండి, నెలలో దారికొస్తుంది.’ విజయవాడ, గుంటూరుల్లో ఫోన్ నుంచి ఫోన్‌కు తిరుగుతున్న సలహా ఇది. దీన్ని నమ్మి కుక్కల్ని పాడుచేసుకోవద్దు.

పెంపకం లోపమనే మాట ముందు చూద్దాం. ఇవి మందను తోలే జాతులు. కాపరి ఒక్కడి మాట వినడం, కదిలే ప్రతిదాన్నీ కనిపెట్టి ఉండటం వీటి పని. కుక్కజాతుల లక్షణాలు రాసిపెట్టే అమెరికన్ కెన్నెల్ క్లబ్ ప్రమాణంలోనే జర్మన్ షెపర్డ్ కొంత ఎడంగా ఉంటుందని, చూసిన ప్రతివాళ్లతో వెంటనే స్నేహం చెయ్యదని ఉంది. పక్కింటి లాబ్రడార్‌తో పోల్చి దీన్ని తిట్టడం అన్యాయం. అయితే ఎడంగా ఉండటం వేరు, భయపడి కరవడం వేరు. మొదటిది స్వభావం, రెండోదానికి మనం పని చెయ్యాలి.

ఇక నిమిరించడం. అపార్ట్‌మెంట్ లిఫ్ట్ తలుపు తెరుచుకుంది, మూడడుగుల దూరంలో కొత్త మనిషి. కుక్క తెరిచిన నోరు టక్కున మూస్తుంది, కంటి తెల్లగుడ్డు బయటపడుతుంది, బరువు వెనక కాళ్ల మీదికి పోతుంది. అప్పుడు ఆ మనిషి తల మీద చెయ్యి పెడితే, తప్పించుకునే దారి లేని కుక్కకు మిగిలేది పళ్లే. లిఫ్ట్‌లో ఎవరైనా ఉంటే ఇంకోసారి ఎక్కండి, లేదా మెట్లు దిగండి.

అలవాటు చెయ్యాల్సింది దూరం నుంచి. పొద్దున్నే ఎండెక్కకముందు కాలువ గట్టు మీద, మనిషిని చూసినా మీ చేతిలోది తినగలిగేంత ఎడంలో నిలబడండి. మొదట్లో అది 30 అడుగులు కావచ్చు, 60 కావచ్చు. మనిషి కనిపించాకే సెనగగింజంత ఉడికించిన చికెన్ ముక్క, మనిషి దాటిపోగానే బంద్. ఈ వరస తిరగబడితే చికెన్ సంచి చూసి కుక్క బెదురుతుంది. ముక్క ముట్టకపోతే దగ్గరికొచ్చేశారన్నమాట, వెనక్కి జరగండి. మూడు రోజులు వరసగా నిమ్మళంగా ఉంటే అయిదడుగులు తగ్గించండి. నెల గడువు పెట్టుకోవద్దు, నెలలు పట్టవచ్చు. కొత్తవాళ్లు ఎదురైతే పట్టించుకోకుండా మీవైపు తిరిగితే చాలు, తోక ఊపక్కర్లేదు.

చుట్టాలొస్తే కుక్కను ముందు లోపలి గదిలో ఉంచండి. వాళ్లు కూర్చుని సర్దుకున్నాక తాడుతో తీసుకురండి. వాళ్లు కళ్లలోకి చూడకూడదు, చెయ్యి చాపకూడదు. తనంతట తాను దగ్గరికొస్తే గుండె మీద మూడు సెకన్లు నిమిరి ఆపాలి. ఇంకా కావాలని ఆనుకుంటే సరే, తల తిప్పేస్తే వదిలెయ్యాలి.

వీధికుక్కల మధ్య వదలడమా? ఆ గుంపుకు ఆ వీధి సొంతం, కొత్త కుక్కను నాలుగువైపులా కమ్ముకుంటుంది. టీకాలు పూర్తికాని పిల్లకు పార్వో, డిస్టెంపర్ లాంటి ప్రాణాంతక వైరస్ జబ్బులు అక్కడే అంటుతాయి. చిన్నప్పుడే లోకం చూపించాలన్నది మాత్రం నిజం. మూడో వారం నుంచి దాదాపు పద్నాలుగో వారం దాకా మంచి అదును. కానీ టీకాల వరస 16 వారాల దాకా సాగుతుంది గనక పిల్లను ఎత్తుకుని ఆటోలు, గొడుగులు, యూనిఫాం వాచ్‌మన్ చూపించండి, నేల మీద దించకండి. పెద్ద కుక్కకైతే నెమ్మదస్తురాలైన, టీకాలేసిన ఒక్క కుక్క చాలు. ఎదురెదురుగా కాకుండా 30 అడుగుల ఎడంతో ఒకే దిక్కుకు నడిపించండి.

గొలుసు గుంజడం అన్నిటికన్నా చెడ్డ సలహా. మెడ నొప్పికీ ఎదురుగా ఉన్న మనిషికీ కుక్క ముడిపెడుతుంది. కొత్తవాడొస్తే మెడ నొస్తుందని నేర్చుకుంటుంది. గుర్రు ఒక హెచ్చరిక. దాన్ని దెబ్బతో అణిచేస్తే భయం లోపలే ఉంటుంది, ఈసారి చప్పుడు లేకుండా కరుస్తుంది. గుర్రుమన్న వెంటనే ఎడం పెంచండి. కరుస్తుందన్న అనుమానముంటే ఎద్దుకు చిక్కం కట్టినట్టు బుట్ట మజిల్ అలవాటు చెయ్యండి. అందులో నోరు తెరిచి రొప్పగలగాలి, నీళ్లు తాగగలగాలి. మన ఎండల్లో మూతి బిగించే గుడ్డపట్టీ ప్రాణం తీస్తుంది.

ఏళ్ల తరబడి బాగున్న కుక్క ఉన్నట్టుండి మారితే అది నొప్పి వల్ల కావచ్చు, శిక్షణకన్నా ముందు తుంటి కీళ్లు, చెవులు పశువైద్యుడికి చూపించండి. గన్నవరం ఎన్టీఆర్ పశువైద్య కళాశాల దగ్గరే ఉంది.