గాజు కాళ్ల స్టూలు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ స్టూలు గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా,

ఇక్కడ నేను క్షేమం. ఆ క్షేమం తమరి చలవేనని మా అటవీ శాఖవారి నమ్మకం కాబట్టి ఉత్తరం కూడా తమరికే రాస్తున్నాను.

అడవిలో మంటలు కనిపెట్టే ఈ కాపలా టవర్ పైన మన గది 14 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు. నాలుగు వైపులా కిటికీలే. మంచం, పొయ్యి, నీళ్ల క్యాన్లు, నేను, అందరం గోడవారగా సర్దుకుంటే నట్టనడుమ ఆస్బోర్న్ ఫైర్ ఫైండర్ కొలువుతీరింది. సరే, అది పనిచేస్తుంది. 1911లో ఆస్బోర్న్ అనే అమెరికా అటవీ ఉద్యోగి రూపొందించిన పరికరం. చుట్టూ 360 డిగ్రీలు, మధ్యలో మ్యాపు, గురి చూడటానికి నిలువుగా ఒక గుర్రపు వెంట్రుక. పొగ ఏ దిక్కున ఉందో డిగ్రీల్లో చెబుతుంది. ఇంకో టవర్ వాళ్లూ తమ లెక్క చెబితే, రెండు గీతలు కలిసిన చోటే మంట. మరి తమరో? ఎప్పుడో ఉరిమితే తప్ప నా తడి సాక్సులు మోయడమే ఉద్యోగం.

నాది అలా కాదు. పొద్దున్నే గాలి, తేమ, ఉష్ణోగ్రత రేడియోలో చెప్పాలి. ఆ తర్వాత చీకటి పడేదాకా చూడటమే పని. వాన వెలిశాక లోయల్లోంచి పొగమంచు తునకలు లేస్తాయి, అచ్చం పొగలాగే. వాటిని చూసి కూడా రేడియో ఎత్తకుండా కూర్చోగలిగితే, ఈ ఉద్యోగంలో దాన్నే సీనియారిటీ అంటారు.

ఇక అసలు సంగతి. పిడుగులు పడుతుంటే ఎత్తైన చోట ఉండకు, దిగిరా అని ఎవరైనా చెబుతారు. నేనుండేది చుట్టుపక్కల అన్నిటికన్నా ఎత్తైన శిఖరం. దానిపైన టవర్. టవర్ పైన గది. గదిలో తమరు. తమరి పైన నేను. గాజులోంచి కరెంటు పారదు కాబట్టి తమరి మీద నిలబడితే పిడుగు నన్నేం చేయదట. ఇదీ భద్రతా ఏర్పాటు! పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రం అంటారు. మావాళ్లు పిడుక్కి ఆ మంత్రం కూడా ఖర్చు చేయకుండా స్టూలుతో సరిపెట్టారు. కప్పు మీది చువ్వ, నేలలోకి దిగిన రాగి తీగలు పిడుగును నోరెత్తకుండా మోస్తాయి. సన్మానం మాత్రం తమరి కాళ్లకున్న నాలుగు గాజు గుబ్బలకి.

పోనీ పైకెక్కి దేవుణ్ణి తలుచుకుందామా అంటే, ఆ టైములోనే పని ఎక్కువ. ఏ పిడుగు ఎక్కడ పడిందో రాసుకోవాలి. దెబ్బతిన్న చెట్టు లోలోపల రోజుల తరబడి రాజుకుని, అందరూ మరిచిపోయాక పొగ వదులుతుంది మరి. దిక్కు చూడాలంటే ఫైండర్ ముట్టుకోవాలి. ఉరుములప్పుడు లోహాన్ని ముట్టుకోకూడదని గోడ మీద కాగితం. రెండు రూల్సూ ఒకే ఆఫీసువే.

1910 ఆగస్టులో అమెరికాలోని ఐడహో, మోంటానా రాష్ట్రాల్లో రెండు రోజుల్లో దాదాపు 30 లక్షల ఎకరాలు తగలబడ్డాకే ఇలా శిఖరాల మీద మనుషుల్ని కూర్చోబెట్టడం ఊపందుకుంది. ఇప్పుడు ఆ చోట్లకి కెమెరాలు వస్తున్నాయి. తమరేం సంబరపడకండి, కెమెరాకి స్టూలుతో పనిలేదు.

చివరిగా ఒక మనవి. తమరి గాజు గుబ్బల్లో ఒకటి పగిలింది. కొత్తది పంపమని రాస్తే, వచ్చే సీజన్ బడ్జెట్‌లో చూస్తామన్నారు. అందాకా మిగతా మూడు కాళ్ల వైపు బరువు వేసి నిలబడమన్నారు.

ఇట్లు,
తమరి మీదే పూర్తి భారం వేసిన,
టవర్ ఉద్యోగి