రిలేటివిటీ రాకపోయినా దరఖాస్తు చేయొచ్చు
జనరల్ రిలేటివిటీ (ఐన్‌స్టీన్ గురుత్వాకర్షణ సిద్ధాంతం) చదవకుండా వేసవి ఖగోళ భౌతిక పరిశోధనకు దరఖాస్తు చేయడం దండగ అని ఒక వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. డిగ్రీ రెండో ఏడు అయ్యాక నేను ఎనిమిది వారాలు చేశాను. అప్పటికి నాకు వచ్చింది కాస్త పైథాన్ ప్రోగ్రామింగ్, కాస్త స్టాటిస్టిక్స్, అంతే. మొదటి మూడు వారాలు ఫిట్స్ ఫైళ్లు (టెలిస్కోపు చిత్రాలు దాచే ఫైళ్లు) తెరవడం, చిత్రాల్లో కాస్మిక్ కిరణాల (అంతరిక్షం నుంచి దూసుకొచ్చే కణాల) మచ్చలు తీసేయడంతోనే గడిచాయి. తర్వాత ఒక నక్షత్రం వెలుగు కొద్దిగా తగ్గడం కనిపించింది. అది గ్రహం అడ్డు రావడం వల్లా, లేక అక్కడున్నవి ఒకదాన్నొకటి కప్పే జంట నక్షత్రాలా అని తేల్చడానికే మిగతా రోజులన్నీ పట్టాయి. చివరికి జంట నక్షత్రాలే, అయినా ఎంత సంతోషమో! 2019 వేసవిలో నాసా గొడ్డార్డ్ కేంద్రంలో టెస్ (గ్రహాలు వెతికే అంతరిక్ష టెలిస్కోపు) డేటా చూస్తూ టీఓఐ 1338 బి అనే గ్రహం జాడ పట్టిన ఇంటర్న్ అయితే ఇంకా హైస్కూల్ విద్యార్థే.