ఎనిమిది వారాల గ్రేడు మీద ఐదేళ్ల ఆర్థో సీటు

అమెరికాలో పిల్లలు మెడిసిన్ మూడో ఏడాదిలో ఉన్న తెలుగు ఇళ్లలో ఇప్పుడు ఒక ప్రశ్న తరచుగా వినిపిస్తోంది: "సర్జరీలో ఆనర్స్ వచ్చిందా?" కొన్నేళ్ల కిందట అదే ఇళ్లలో "స్టెప్ వన్ ఎంత?" అని అడిగేవాళ్లు.

2022 జనవరి 26 నుంచి యూఎస్ఎంఎల్ఈ (అమెరికాలో డాక్టరు లైసెన్సు పరీక్ష) తొలి మెట్టైన స్టెప్ 1కి మార్కులు లేవు. పాస్ లేదా ఫెయిల్, అంతే. ఒక్క పరీక్ష పిల్లల జీవితాన్ని తేల్చేయకూడదన్న ఆలోచనతో చేసిన మార్పు అది. ఆలోచన మంచిదే. కానీ ఆర్థోపెడిక్ సర్జరీలో పోటీ మాత్రం అలాగే ఉంది. దేశం మొత్తం మీద ఏడాదికి 900కు కాస్త అటూ ఇటూగా రెసిడెన్సీ (స్పెషలిస్టు శిక్షణ) సీట్లు ఉంటాయి. కోరుకునేవాళ్లు అంతకంటే వందల మంది ఎక్కువ. ఒక్కో ప్రోగ్రాంకు వందల్లో దరఖాస్తులు వస్తాయి, తీసుకునేది కొద్దిమందినే. వడపోతకు ఏదో ఒకటి కావాలి కదా. స్టెప్ 1 స్కోరు పోయాక ఆ భారం ఇంకా మార్కులిచ్చే తర్వాతి పరీక్ష స్టెప్ 2 సీకే మీద, రీసెర్చ్ మీద, క్లర్క్‌షిప్ గ్రేడ్ల మీద పడింది. మొదటి రెండింటి గురించి చాలామంది మాట్లాడుతున్నారు. నాకు ఎక్కువ బాధ కలిగించేది మూడోది. ఆ బరువు మోయడానికి తయారుచేసిన కొలత కాదది.

క్లర్క్‌షిప్ అంటే మూడో ఏడాదిలో విద్యార్థి వార్డుల్లో చేసే రొటేషన్. ఇంటర్నల్ మెడిసిన్, సర్జరీ, పీడియాట్రిక్స్, గైనిక్, సైకియాట్రీ, ఫ్యామిలీ మెడిసిన్ లాంటివి ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. ఒక్కోదానికీ చివర్లో ఆనర్స్ (అన్నిటికంటే పైది), హై పాస్, పాస్ అని గ్రేడు వేస్తారు. ఆర్థో చేయాలని కలలు కనే విద్యార్థికి ఈ జాబితాలో ఆర్థో కనిపించదు. చాలా కాలేజీల్లో ఎనిమిది వారాలుండే సర్జరీ రొటేషన్ కూడా ఎక్కువగా జనరల్ సర్జరీయే: పిత్తాశయం, హెర్నియా, అపెండిక్స్. విరిగిన తొడ ఎముకలో రాడ్ వేయడం చూడాలంటే మధ్యలో రెండు వారాల ఎలెక్టివ్ (ఐచ్ఛిక రొటేషన్) దొరకాలి. అంటే ఎముకల డాక్టరు కావాలనుకునే వ్యక్తిని, ఎముకల పనిలో దాదాపు చూడకుండానే వేసిన గ్రేడ్లతో జల్లెడ పడుతున్నాం.

గ్రేడు ఎలా తయారవుతుందో చూడండి. ఒక భాగం ఎన్‌బీఎంఈ (అమెరికా జాతీయ వైద్య పరీక్షల బోర్డు) వాళ్ల షెల్ఫ్ పరీక్ష, అంటే రొటేషన్ చివర రాసే పరీక్ష. రెండోది, చాలా చోట్ల దానికంటే పెద్దది, అటెండింగులూ (సీనియర్ డాక్టర్లు) రెసిడెంట్లూ (శిక్షణలో ఉన్న డాక్టర్లు) రాసే మూల్యాంకనం. మన ఎంబీబీఎస్‌లో ఇంటర్నల్ మార్కులు, వైవా గుర్తున్నవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. ఒక అటెండింగ్ అందరికీ ఐదుకు ఐదు వేస్తారు. ఇంకొకరు మూడు వేస్తే బాగా చేసినట్టే అనుకుని మూడు వేస్తారు. ఒకరు విద్యార్థిని రెండు వారాలు దగ్గరగా చూస్తారు, ఇంకొకరు రెండు ఆపరేషన్లలో రిట్రాక్టర్ (కోతను తెరిచి ఉంచే పరికరం) పట్టుకోగా మాత్రమే చూస్తారు. ఇద్దరి ఫారాలూ ఒకే సగటులో కలుస్తాయి.

రొటేషన్ల వరుస కూడా తక్కువది కాదు. ఏడాది మొదట్లోనే సర్జరీ పడిన విద్యార్థికి ఆపరేషన్ థియేటర్‌లో ఎక్కడ నిలబడాలో కూడా తెలియదు. ఆరేడు నెలల తర్వాత అదే రొటేషన్‌కు వచ్చినవాడు రోగి కేసును నిమిషంలో చెప్పేస్తాడు, కుట్లు వేయడం అప్పటికే నేర్చుకుని ఉంటాడు. ఏడాది గడిచేకొద్దీ విద్యార్థుల స్కోర్లు పెరుగుతాయి కాబట్టే ఎన్‌బీఎంఈ షెల్ఫ్ పరీక్ష ప్రమాణాలను మూడు నెలలకోసారి చొప్పున విడివిడిగా ఇస్తుంది. పరీక్ష పెట్టేవాళ్లే ఒప్పుకున్న ఈ తేడా, దరఖాస్తులోని "హై పాస్" అన్న రెండు మాటల్లో ఎక్కడా కనిపించదు.

ఒక కాలేజీకీ ఇంకో కాలేజీకీ పోలిక పెట్టబోతే పరిస్థితి మరీ అధ్వానం. 2012లో అకడమిక్ మెడిసిన్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. అమెరికాలోని 119 మెడికల్ కాలేజీల గ్రేడింగ్‌ను పరిశీలిస్తే ఎనిమిది రకాల పద్ధతులు కనిపించాయి. అత్యున్నత గ్రేడు ఒక చోట 2 శాతం మందికి వస్తే, ఇంకో చోట 93 శాతం మందికి వచ్చింది. ఆనర్స్ అన్న మాట ఒక్కటే, అర్థం మాత్రం కాలేజీకొకటి. డీన్ లెటర్‌తో (విద్యార్థి గురించి కాలేజీ పంపే అధికారిక లేఖ) పాటు ఆ క్లాసులో ఎంతమందికి ఏ గ్రేడు వచ్చిందో చూపే పట్టిక చాలా కాలేజీలు పంపుతాయి. కానీ వందల దరఖాస్తులు ముందు పెట్టుకున్న వ్యక్తి ఎన్ని పట్టికలు చదవగలరు?

పక్షపాతం సంగతి ఇంకా బరువైనది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని యూసీఎస్ఎఫ్ (కాలిఫోర్నియా యూనివర్సిటీ) మెడికల్ కాలేజీ తన విద్యార్థుల రికార్డులనే తవ్వి 2018లో ఫలితాలు బయటపెట్టింది. మూల్యాంకనంలో కనిపించిన తేడాలు చిన్నవే. కానీ వైద్యరంగంలో తక్కువ ప్రాతినిధ్యం ఉన్న వర్గాల పిల్లలకు ఆనర్స్ గ్రేడ్లు మిగతావాళ్లతో పోలిస్తే సగమే వచ్చాయి. చిన్న తేడా గ్రేడుగా మారేసరికి పెద్ద గోడ అయింది. అంతకు ముందు, 2017లో యేల్ యూనివర్సిటీ పరిశోధకులు నాలుగున్నర వేలకు పైగా దరఖాస్తుల్లో ఏఓఏ సభ్యత్వం ఎవరికి దక్కిందో చూశారు. ఏఓఏ అంటే మెడిసిన్‌లో ముందున్న విద్యార్థులను ఎంచుకునే ఆల్ఫా ఒమేగా ఆల్ఫా గౌరవ సంఘం, ఆర్థో దరఖాస్తుల్లో ఎంతో విలువిచ్చిన గుర్తింపు. స్టెప్ 1 స్కోరు, రీసెర్చ్ లాంటివన్నీ లెక్కలోకి తీసుకున్నాక కూడా, ఆ సభ్యత్వం పొందే అవకాశం నల్లజాతి విద్యార్థుల కంటే తెల్లజాతి విద్యార్థులకు ఆరు రెట్లకు దగ్గరగా, ఆసియా విద్యార్థుల కంటే రెండు రెట్లకు దగ్గరగా ఉంది. ఆ ఆసియా విద్యార్థుల లెక్కలో మన పిల్లలూ ఉన్నారు. "నిశ్శబ్దంగా ఉంటుంది, చొరవ తక్కువ" అన్న వ్యాఖ్య, పెద్దల మాటకు అడ్డు చెప్పకూడదని పెరిగిన అమ్మాయి మీద ఎంత తేలికగా పడుతుందో నేను వేరే చెప్పక్కర్లేదు.

మరి గ్రేడ్లు తీసేస్తే? యూసీఎస్ఎఫ్ 2019 నుంచి ప్రధాన క్లర్క్‌షిప్‌లలో ఆనర్స్ తీసేసి పాస్/ఫెయిల్ పెట్టింది. నాకు ఆ నిర్ణయం మీద గౌరవం ఉంది, కానీ అందరికీ అదే మందు పనిచేస్తుందని నమ్మలేను. పేరున్న కాలేజీ విద్యార్థికి గ్రేడు లేకపోయినా కాలేజీ పేరే సిఫారసు చేస్తుంది. సొంతంగా ఆర్థో రెసిడెన్సీ కూడా లేని చిన్న కాలేజీ విద్యార్థి చేతిలో అప్పుడు ఏం మిగులుతుంది? స్టెప్ 2 స్కోరు, రీసెర్చ్ కోసం ఒక ఏడాది ఆగిపోవడం, ఇంకా టెన్షన్. పాత స్టెప్ 1 కథే మరో పేరుతో మొదలవుతుంది.

నేను ఎక్కువ విలువిచ్చేది నాలుగో ఏడాదిలో వేరే ఆసుపత్రికి వెళ్లి చేసే "అవే" (away) రొటేషన్‌కు. నాలుగు వారాలు ఆర్థో వాళ్లే విద్యార్థిని ఆర్థో పనిలో చూస్తారు. తెల్లవారకముందే రౌండ్లు, ఎమర్జెన్సీలో విరిగిన మణికట్టుకు కట్టు, రాత్రి డ్యూటీ తర్వాత కూడా రోగితో ఓపికగా మాట్లాడటం, అన్నీ వాళ్ల కళ్లముందే జరుగుతాయి. ఇక్కడా పక్షపాతం ఉంటుంది, కాదనను. కానీ కనీసం అసలు పని చూసి చెప్పే తీర్పు ఇది. చిక్కు డబ్బుతోనే. రెండు మూడు ఊళ్లలో నెలేసి అద్దె, ప్రయాణం ఖర్చు విద్యార్థిదే. అప్పుతో చదువుతున్న పిల్లలు ఒక్కదానితో ఆగిపోతారు. ఆ ఖర్చులో కొంత ప్రోగ్రాంలు భరించాలి.

మన దగ్గర ఎంఎస్ ఆర్థో సీటు చాలావరకు నీట్ పీజీ ర్యాంకు మీదే వస్తుంది, 200 ప్రశ్నలు, 800 మార్కులు. వార్డులో ఎలా పనిచేశావని ఎవరూ అడగరు. అది మరో అన్యాయం. అందుకే అమెరికా వాళ్లు వార్డులో చేసిన పనికి విలువ ఇవ్వాలనుకోవడాన్ని నేను తప్పుపట్టను. వార్డులో పనిని చూడండి, కానీ ఒక్క మాటగా కుదించిన గ్రేడుగా కాదు. షెల్ఫ్ స్కోరు విడిగా, రొటేషన్ ఏడాదిలో ఏ నెలలో జరిగిందో విడిగా, అటెండింగ్ తన కళ్లతో చూసి రాసిన వాక్యాలు విడిగా పంపమని ఆర్థో ప్రోగ్రాంలు అడగొచ్చు. ఈ వివరాలన్నీ కాలేజీల దగ్గర ఇప్పటికే ఉన్నాయి.