కొండమీద నేనేమీ అడగలేదు

నిన్న ఆదివారం ఆరాధన ముగిశాక, సికింద్రాబాదులోని మా సంఘంలో నాకు సాక్ష్యం, అంటే దేవుడు నా జీవితంలో చేసినదాన్ని అందరి ముందూ చెప్పడానికి ఐదు నిమిషాలు ఇచ్చారు. ఈజిప్టులోని సీనాయి ఎడారిలో నడిచి, దేవుడు మోషేకు పది ఆజ్ఞలు ఇచ్చాడని నమ్మే కొండ ఎక్కి వచ్చిన తరువాత దేవుణ్ణి అన్నిటికంటే మిన్నగా ప్రేమించడమంటే ఏమిటో నాకు కొద్దిగా అర్థమైందని చెప్పడం మొదలుపెట్టాను. రెండు నిమిషాలైనా గడవకముందే సంఘ పెద్ద ఒకరు పక్కకు వచ్చి నిలబడి, "అది సరేనమ్మా, అక్కడ ప్రార్థించాక మీకు జరిగిన మేలు ఏమిటో చెప్పండి, విన్నవాళ్లు బలపడతారు" అన్నారు. జరిగిన మేలు ఇదేనండీ అన్నాను. ఆయన మైకు అందుకుని ప్రకటనలు చదవడం మొదలుపెట్టారు. రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు. అక్కడ పూర్తి చేయనివ్వని మాటను ఇక్కడ పూర్తి చేస్తున్నాను.

మన తెలుగు బైబిలులో, ఐగుప్తు బానిసత్వం నుంచి మోషే వెంట బయటపడిన ఇశ్రాయేలీయులు నలభై ఏళ్లు తిరిగిన చోటును "అరణ్యము" అని రాశారు. చిన్నప్పటి నుంచి ఆ మాట వింటే నా కళ్లముందు నల్లమల మెదిలేది. చెట్లు, నీడ, ఎక్కడో ఒక వాగు ఉన్నట్టే అనిపించేది. సీనాయిలో నేను చూసింది రాయి, ఆ రాయి వెనుక మరో రాయి, వాటి మధ్య ఇసుక. కొండ ఎక్కడానికి ముందు రోజు ఆ ఎడారి తెగలవాడైన ఒక బెదూయిన్ మార్గదర్శి మమ్మల్ని ఎండిన వాగు వెంట నడిపించాడు. లీటరున్నర నీళ్ల సీసాలో సగం నేను మొదటి గంటలోనే తాగేశాను. ఆ తరువాత అతడు చెప్పినట్టు ఒక్కో గుక్క నోట్లో ఉంచుకుని మింగుతూ నడిచాను. నాలుక అంగిలికి అంటుకుపోతుంటే నా పిల్లలు గుర్తుకు రాలేదు, ఇల్లు గుర్తుకు రాలేదు, సీసాలో ఎన్ని గుక్కలు మిగిలాయన్న లెక్క తప్ప మనసులో మరేమీ లేదు.

"నీ పూర్ణహృదయముతోను నీ పూర్ణాత్మతోను నీ పూర్ణశక్తితోను" దేవుణ్ణి ప్రేమింపవలెనన్న ఆజ్ఞ నాకు నోటికి వచ్చు, ఆదివారపు బడిలో దానికి బహుమతి కూడా తీసుకున్నాను. పూర్ణశక్తితో ఒకదాన్ని కోరుకోవడం ఎలా ఉంటుందో మాత్రం ఆ వాగులోనే తెలిసింది. నీళ్లను అలా కోరుకున్న నేను దేవుణ్ణి ఒక్కసారైనా అలా కోరుకోలేదని కూడా అక్కడే తెలిసి, నడుస్తూనే ఏడ్చాను. యూదా ఎడారిలో ఉండి కీర్తనకారుడు దావీదు నా ప్రాణము నీకొరకు దాహము గొనుచున్నదని పాడితే, దాన్ని నేను ఇన్నేళ్లూ అందమైన పోలిక అనుకున్నాను.

ఆ రాత్రి ఒంటి గంటకు, జస్టీనియన్ చక్రవర్తి 6వ శతాబ్దంలో కట్టించిన సెయింట్ కేథరిన్ మఠం దగ్గర నుంచి ఒంటెల దారిలో కొండ ఎక్కడం మొదలుపెట్టాం. చివరి 750 మెట్లు చలిగాలిలో, టార్చి వెలుతురు పడినంత మేర చూసుకుంటూ ఎక్కాం. శిఖరం ఎత్తు 2,285 మీటర్లు. నా సంచిలో మా సంఘంవాళ్లు ఇచ్చిన ప్రార్థన చీటీలు నలభైకి పైగా ఉన్నాయి: అమెరికా వీసా, ప్రమోషన్, అమ్మాయి పెళ్లి, నల్లగండ్లలో ఫ్లాటు లోను. తెల్లవారేటప్పుడు వాటిని చేతిలోకి తీసుకున్నాను గానీ నోరు పెగలలేదు. "నేను తప్ప వేరొక దేవుడు నీకు ఉండకూడదు" అన్న మాట వినబడిందని తరతరాలుగా నమ్ముతున్న చోట నిలబడి, నేను తెచ్చిన జాబితా నాకే పరాయిగా తోచింది. ఆ కొండ కిందే కదా, మోషే దిగి రావడం ఆలస్యమైందని జనం చెవిపోగులు కరిగించి బంగారు దూడను చేసుకుని దాన్నే దేవుడన్నారు! చీటీలు మళ్లీ సంచిలో పెట్టి, నీవు చాలు ప్రభువా అని మాత్రం అన్నాను.

ప్రేమించుమన్న ఆ ఆజ్ఞను మోషే ఎప్పుడు చెప్పాడో ఒకసారి ద్వితీయోపదేశకాండము ఆరో అధ్యాయం తెరిచి చూడండి. నలభై ఏళ్లూ గడిచి, యొర్దానుకు ఇవతల మోయాబు మైదానంలో, దేవుడు ఇస్తానన్న కనాను దేశంలో రేపో మాపో అడుగు పెట్టబోయే జనానికి చెప్పాడు. మీరు కట్టని పట్టణాలు, నింపని ఇళ్లు, తవ్వని బావులు, నాటని ద్రాక్షతోటలు మీకు దొరుకుతాయి, తిని తృప్తి పొందినప్పుడు యెహోవాను మరచిపోకుండా జాగ్రత్తపడండని ఆ వెంటనే హెచ్చరించాడు. అది హైదరాబాదులో ఉన్న మన కోసమే చెప్పినట్టుంది. కృష్ణా నీళ్లు, మంజీరా నీళ్లు మన కొళాయిలోకి వస్తున్నాయి, ఆ బావి మనం తవ్వలేదు. కడుపు నిండిన మనకు దేవుడు ఇంకేమి ఇస్తాడన్నదే సాక్ష్యమైపోయింది. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వరుసలో నిలబడి, కొత్త ఏడాదికని ఒక్కో బైబిలు వాక్యం రాసిన వాగ్దానం కార్డులు తీసుకుంటాం. "నిన్ను తలగా నియమించును" అన్న కార్డు వస్తే ఫోటో తీసి వాట్సాప్‌లో పెడతాం. ప్రేమింపవలెనన్న ఆజ్ఞ ఉన్న కార్డు ఇన్నేళ్లలో ఎవరి చేతిలోనూ నేను చూడలేదు.

నిన్నటి మాటకు నాకు ఇంత బాధ కలగడానికి అసలు కారణం పాతది. మా అమ్మ క్యాన్సరుతో పోయినప్పుడు, శవపెట్టె ఇంకా ఇంట్లో ఉండగానే, పరామర్శకు వచ్చిన ఒకాయన "విశ్వాసం కొంచెం తక్కువైందేమోనమ్మా, లేకపోతే స్వస్థత వచ్చేది" అన్నారు. చివరి వారం మార్ఫిన్ మత్తులోంచి తేరుకున్నప్పుడల్లా "అంజూరపు చెట్లు పూయకుండినను" అన్న హబక్కూకు ప్రవక్త మాటను సగం పలికి, మిగతా సగం నా చేత చెప్పించుకున్న మనిషిని గురించి ఆ మాట అన్నారు. చెట్టు పూయకపోయినా, మందలో గొర్రె లేకపోయినా నేను యెహోవాయందు ఆనందించెదనని ముగిసే ఆ వాక్యాన్ని అమ్మ బతికి చూపించింది. ఆమె సాక్ష్యం మన సాక్ష్యాల పట్టికలో ఎక్కడా చేరలేదు, ఎందుకంటే ఆమెకు మేలు జరగలేదట.

చీటీలు ఇచ్చినవాళ్లు కంగారుపడవద్దు. అవి నా బైబిలులోనే ఉన్నాయి, రోజూ వేకువన నాలుగేసి పేర్లు తీసి ప్రార్థిస్తున్నాను, వీసాకూ ఫ్లాటుకూ కూడా. కొండమీద చదవలేదని మాత్రం ఒప్పుకుంటున్నాను. వచ్చే ఆదివారం మిగిలిన మూడు నిమిషాలు ఇమ్మని పాస్టరుగారిని అడిగాను. ఇస్తే అమ్మ పేరు చెప్పి మొదలుపెడతాను.