మాపింగ్వారి పోస్టు: ఒక్కొక్క మాటకీ జవాబు

"పది వేల ఏళ్ల కిందటే అంతరించిందని పుస్తకాల్లో రాసిన రాక్షస స్లాత్ అమెజాన్ అడవిలో ఇంకా తిరుగుతోంది. అక్కడివాళ్లు దాన్ని మాపింగ్వారి అంటారు." వాట్సాప్‌లో, యూట్యూబ్ షార్ట్స్‌లో ఈ కథ రకరకాల వేషాల్లో వస్తూనే ఉంటుంది. వెనక భయపెట్టే మ్యూజిక్, ముందు రెండు కాళ్ల మీద లేచి నిలబడ్డ బొచ్చు జంతువు బొమ్మ. రుజువులని చూపించేవి దాదాపు ప్రతిసారీ ఇవే: స్థానికుల వర్ణన స్లాత్‌కి అచ్చంగా సరిపోతుందట. దక్షిణ అమెరికా కొసనున్న పటగోనియాలో ఒక గుహలో తాజా తోలు దొరికిందట. బ్రెజిల్‌లో పేరున్న శాస్త్రవేత్తే దీన్ని నమ్మాడట. లిమా మ్యూజియంలో బొమ్మ చూసి ఒక ఆదివాసి గుర్తుపట్టాడట. లేవనుకున్న జంతువులు ఎన్ని మళ్లీ దొరకలేదు, ఇదీ అంతేనట.

వీటిలో పచ్చి అబద్ధాలు తక్కువే. చాలావాటి అడుగున ఒక నిజం ఉంది. అందుకే కొట్టిపారేయకుండా విప్పి చూడాలి.

ముందు జంతువు సంగతి. ఇప్పుడు చెట్లకి వేలాడుతూ బతికే స్లాత్‌ల దూరపు బంధువులు ఒకప్పుడు నేల మీద నడిచేవి. 1780ల్లో అర్జెంటీనాలో లుహాన్ నది ఒడ్డున ఒక అస్థిపంజరం దొరికితే మాడ్రిడ్‌కి పంపారు. దాన్ని చూసి గీసిన బొమ్మల ఆధారంగా 1796లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త కువియే దానికి మెగాథీరియం అని పేరు పెట్టాడు. ముక్కు నుంచి తోక దాకా సుమారు 6 మీటర్లు, బరువు 4 టన్నుల దాకా. మనుషులు ఈ జాతి జంతువుల్ని కళ్లారా చూశారనడంలో సందేహమే లేదు. అమెరికాలో న్యూ మెక్సికోలోని వైట్ శాండ్స్ దగ్గర స్లాత్ అడుగుల మీద మనిషి అడుగులు పడి ఉన్నాయి. బ్రెజిల్‌లో సాంతా ఎలీనా అనే చోట స్లాత్ చర్మంలోని ఎముక బిళ్లలకి చిల్లులు పెట్టి పతకాల్లా వాడుకున్నారు. చూడటం వరకూ నిజం. ఎప్పుడు చూశారన్నదే గొడవ.

వర్ణన సరిపోతుందన్న మాట. పోస్టులో మాపింగ్వారికి ఎర్రటి బొచ్చు, పొడవాటి గోళ్లు, దుర్గంధం, తూటా దిగని చర్మం అని రాస్తారు. ఆ కథల్లోనే ఉన్న మిగతా సగం రాయరు. చాలా కథల్లో దానికి ఒంటి కన్ను. నోరు పొట్ట మీద ఉంటుంది. పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయి. ఒకప్పుడు అది మనిషేనని చెప్పే కథలూ ఉన్నాయి. బొచ్చు, గోళ్లు ఉంచుకుని ఒంటి కన్నుని పక్కన పెట్టేస్తే ఎలుగుబంటికైనా సరిపోతుంది, పెద్ద కోతికైనా సరిపోతుంది. వెనక్కి తిరిగిన పాదాలకి స్లాత్ నడకతో ముడిపెట్టేవాళ్లున్నారు. నేల స్లాత్ పాదం అంచు మీద నడిచేది కాబట్టి అడుగుజాడ అటుదిటుగా కనిపించేదని వాళ్ల వాదన. కానీ బ్రెజిల్ జానపదంలోనే కురుపిరా అనే అడవి దెయ్యానికి కూడా పాదాలు వెనక్కే ఉంటాయి. ఆ కురుపిరా ఊసు 1560లో జెసూట్ మిషనరీ జుజే ది అంషియేటా రాసిన ఉత్తరంలోనే ఉంది. దాన్ని స్లాత్ అని ఎవరూ అనడం లేదు.

ఇంకో అతుకు చూడండి. తూటా దిగని చర్మం అన్నప్పుడు పోస్టు పెట్టేవాళ్లు చూపించేది చర్మంలో బఠాణీ గింజల్లాంటి ఎముక ముక్కలున్న స్లాత్‌ని. ఆ ముక్కలుండేది మైలోడాన్ అనే ఇంకో నేల స్లాత్ కుటుంబానికి. వీడియోలో నిలబెట్టే ఆరు మీటర్ల బొమ్మేమో మెగాథీరియానిది, దానికి అలాంటి చర్మం లేదు. ఒకదాని తోలు, ఇంకోదాని ఒళ్లు కలిపి కుట్టేశారన్నమాట.

పటగోనియా గుహలో తాజా తోలు. ఈ కథ నిజంగా బాగుంటుంది, కాస్త తీరిగ్గా చెప్పుకోవాలి. 1895లో చిలీ దక్షిణ కొసన, ఉల్టిమా ఎస్పెరాంసా అనే చోట ఒక పెద్ద గుహలో హెర్మన్ ఎబర్‌హార్డ్ అనే జర్మన్ వలసదారుకి పెద్ద తోలు ముక్క దొరికింది. ఒకవైపు ఎర్రటి వెంట్రుకలు, లోపలివైపు గుండ్రటి ఎముక ముక్కలు. ఏ జంతువుదో అంతుపట్టక ఇంటి దగ్గర చెట్టుకి వేలాడదీశాడు. మరుసటేడు స్వీడన్ నుంచి వచ్చిన ఒట్టో నోర్డెన్‌ష్యోల్డ్, తర్వాత అర్జెంటీనాకి చెందిన ఫ్రాన్సిస్కో మొరేనో దాన్ని చూశారు. మొరేనో ఒక ముక్క లండన్‌కి తీసుకెళ్లాడు. అక్కడ పరిశీలించినవాళ్లే దాని తాజాదనానికి ఆశ్చర్యపోయారు.

1898లో అర్జెంటీనా శిలాజ శాస్త్రవేత్త ఫ్లోరెంతీనో అమెఘీనో ఒక అడుగు ముందుకేసి, ఈ జంతువు బతికే ఉందని ప్రకటించి నియోమైలోడాన్ లిస్తాయి అని పేరు పెట్టేశాడు. ఎందుకు "లిస్తాయి"? రమోన్ లిస్తా అనే అన్వేషకుడు శాంతా క్రూస్ ప్రాంతంలో ఎర్రటి బొచ్చు జంతువుని చూసి కాల్చాననీ, తూటాలు దానికేమీ చెయ్యలేదనీ తనతో చెప్పాడని అమెఘీనో రాశాడు. లిస్తా అప్పటికి ఏడాది కిందటే, 1897లో హత్యకి గురయ్యాడు. మళ్లీ అడుగుదామంటే మనిషి లేడు. ఇవాళ్టి పోస్టుల్లో "తుపాకీతో కాల్చినా చావలేదు" అన్న ముక్క వెనకున్న సాక్ష్యం ఇది: చనిపోయిన మనిషి చెప్పాడని ఇంకొకాయన రాసిన మాట.

లండన్‌లో డైలీ ఎక్స్‌ప్రెస్ పత్రిక డబ్బు పెట్టి 1900లో హెస్కెత్ ప్రిచర్డ్ అనే రచయితని ఆ జంతువుని వెతకమని పటగోనియాకి పంపింది. పత్రికకి సంచలనం కావాలి, ఆయనకి జంతువు దొరికితే జన్మంతా పేరు. అయినా ఆనవాలేమీ కనపడలేదనే తిరిగొచ్చి రాశాడు.

అసలు జవాబు అర్ధ శతాబ్దం తర్వాత, పాత వస్తువుల వయసు లెక్కగట్టే రేడియోకార్బన్ పరీక్ష వచ్చాక దొరికింది. ఆ గుహలోని మైలోడాన్ తోలుకీ పేడకీ వేసిన నమ్మదగ్గ లెక్కలు పది వేల ఏళ్లు దాటే ఉన్నాయి. మరి తాజాగా ఎలా ఉంది? చలి, పొడి గాలి, వాన తగలని గుహ. ఉత్తర అమెరికాలోనూ ఇంతే. న్యూ మెక్సికోలో ఏడెన్ క్రేటర్ అనే లావా బిలంలో పడిపోయిన స్లాత్‌కి వేల ఏళ్ల తర్వాత కూడా కొంత చర్మం, వెంట్రుకలు మిగిలాయి. గ్రాండ్ కాన్యన్‌లోని రాంపార్ట్ గుహలో స్లాత్ పేడ ఎంత ఎండుగా భద్రంగా ఉందంటే, 1976లో నిప్పంటుకుని నెలల తరబడి రాజుకుంటూనే ఉంది. పేడ మండిందంటే ఎండిందని అర్థం. నిన్నటిదని కాదు.

పటగోనియా చలిగుహ దగ్గర పనిచేసే ఈ వివరణ అమెజాన్‌కి వర్తించదు, నిజమే. అక్కడ అన్నీ నెలల్లో కుళ్లిపోతాయి. కానీ గమనించండి, తోలు దొరికింది పటగోనియాలో, కథ నడుస్తున్నది అమెజాన్‌లో. మధ్య దూరం వేల కిలోమీటర్లు. ఇది దానికి రుజువు ఎలా అవుతుంది?

శాస్త్రవేత్తే నమ్మాడు. నమ్మాడు. డేవిడ్ ఓరెన్, బ్రెజిల్‌లో బెలేమ్ నగరంలోని గోయెల్డీ మ్యూజియంలో పనిచేసిన పక్షిశాస్త్రవేత్త. అమెజాన్‌లో నేల స్లాత్ ఈమధ్య కాలం దాకా బతికిందా అని 1993లో వ్యాసం రాసి, అంతటితో ఆగకుండా అడవిలోకి వెళ్లి వెతికాడు. ఆయన్ని వెక్కిరించేవాళ్లతో నేను ఏకీభవించను. అనుమానం వస్తే వెళ్లి చూడటమే కదా చెయ్యాల్సింది. అయితే పోస్టులు ఆయన పేరు దగ్గరే ఆగిపోతాయి, ఫలితం చెప్పవు. తెచ్చిన వెంట్రుకలు పరీక్షిస్తే అగౌటి అనే ఎలుక జాతి జంతువువని తేలింది. పేడ చీమలు తినే జంతువుది. జంతువుని తామే చంపామన్న వేటగాళ్లు కూడా ఆయనకి దొరికారు. ఎముకలేవంటే మాత్రం లేవు. కంపు భరించలేక వదిలేశాం అనే జవాబు ఈ కథల్లో తరచూ వినిపిస్తుంది. మాంసం కుళ్లి కంపు పోయాక కూడా ఇన్నేళ్లలో ఒక్క పుర్రె కోసమైనా ఎవరూ వెనక్కి వెళ్లలేదా?

చూసినవాళ్లు అబద్ధం చెబుతున్నారని నేననడం లేదు. జంతువుని చేతిలో పెట్టుకునే పొరబడవచ్చు. 1791లో ఇంగ్లండ్‌లో జార్జ్ షా అనే జంతుశాస్త్రవేత్త, మన ఉద్దానం జీడితోటల్లో జనాన్ని హడలగొట్టే ఎలుగుబంటినే స్లాత్ జాతిలో కలిపేసి బ్రాడిపస్ ఉర్సైనస్ అని పేరు పెట్టాడు. పొడవాటి గోళ్లు, పైదవడలో ముందుపళ్లు లేకపోవడం చూసి మోసపోయాడు. ఆయనకది పట్టపగలు జరిగింది. అడవిలో సందెచీకట్లో ఒక్క క్షణం కనపడ్డదాని సంగతి చెప్పాలా?

లిమా మ్యూజియం. ఈ పోస్టుల్లో నన్ను కాసేపు ఆపిన ముక్క ఇదొక్కటే. పెరూలో మాచిగెంగా ప్రజల దగ్గర పనిచేసిన మానవశాస్త్రవేత్త గ్లెన్ షెపర్డ్ చెప్పిన సంగతి: అడవి జంతువుల గురించి అడుగుతుంటే ఒక మాచిగెంగా మనిషి, తమ కథల్లోని సెగమై అనే జంతువుని లిమా మ్యూజియంలో చూశానని మామూలుగా అనేశాడు. వాకబు చేస్తే ఆ మ్యూజియంలో రాక్షస స్లాత్ నమూనా ఉందని తెలిసింది. ఒళ్లు గగుర్పొడిచే మాటే. కానీ ఏది ముందు, ఏది వెనక అన్నది చూడాలి. ఆయన అడవిలో చూసినదాన్ని మ్యూజియంలో గుర్తుపట్టానని కాకుండా, కథలో విన్నదానికి మ్యూజియంలో ఒక రూపం దొరికి ఉండటానికే ఎక్కువ వీలుంది. బొచ్చు, గోళ్లు, భారీ ఒళ్లు ఉన్న బొమ్మ ఆ హాల్లో ఇంకేముంటుంది? పాత జ్ఞాపకమేదో తరాలు దాటి వచ్చిందని ఎవరైనా వాదిస్తే అది వేరే చర్చ, దాన్ని వినొచ్చు. ఇప్పుడు జంతువు బతికి ఉందనడానికి అది చాలదు.

ఈ పోస్టుల్లో అప్పుడప్పుడూ పెద్ద సొరంగాల ఫొటోలూ వస్తాయి. దక్షిణ బ్రెజిల్‌లోనూ, అమెజాన్‌లోని రొండోనియాలోనూ రాక్షస స్లాత్‌లు గానీ, ఒంటిమీద గట్టి పెంకుండే భారీ ఆర్మడిల్లోలు గానీ తవ్వినవిగా భావించే బొరియలున్నాయి, గోడల మీద గోళ్ల గీతలు కూడా. నిజమైనవే, కానీ పాతవి. మాపింగ్వారి కథలు చెప్పుకునే కరితియానా ప్రజలూ రొండోనియావాళ్లే. అలాంటి గుహ చూసినవాళ్లు ఒక రాక్షసుణ్ణి ఊహించుకుంటే ఆశ్చర్యమేముంది?

"మళ్లీ దొరికినవి లేవా?" ఉన్నాయి, వాటిలో ఒకటి ఈ వాదనకి చాలా దగ్గరగా ఉంటుంది. చాకో పెక్కరీ అనే పందిలాంటి జంతువుని 1930లో పాత ఎముకల ఆధారంగా వర్ణించారు, ఇప్పుడు లేదనుకున్నారు. 1970ల్లో పరాగ్వేలో బతికి దొరికింది. అదే ఖండం, అదే తీరు. మరి స్లాత్ ఎందుకు దొరకకూడదు?

ఆ పంది ఎలా దొరికిందో చూస్తే జవాబు అక్కడే ఉంది. చాకో ముళ్ల అడవుల్లో ఉండేవాళ్లు దాన్ని తగ్వా అని పిలుస్తూ వేటాడి తింటూనే ఉన్నారు. తెలియంది బయటివాళ్లకే. 1992లో వియత్నాంలో సావోలా అనే కొమ్ముల అడవి పశువు కూడా ఇలాగే బయటపడింది: పరిశోధకులు ముందు చూసింది జంతువుని కాదు, వేటగాళ్ల ఇళ్లలో ఉన్న కొమ్ముల్ని. ఆఫ్రికాలో జిరాఫీ బంధువైన ఒకాపి విషయంలోనూ ముందు చేతికొచ్చినవి తోలు పట్టీలే. అడవిలో పెద్ద జంతువు ఉంటే అక్కడి మనుషుల దగ్గర దాని కథ ఒక్కటే ఉండదు. మాంసం రుచి తెలుస్తుంది, ఎముక చూరులో ఉంటుంది, గోరు మెడలో ఉంటుంది, ఏ నెలలో ఏ పండు తింటుందో పిల్లలు కూడా చెబుతారు. పందిలా కనిపించే టేపిర్ గురించి, జాగ్వార్ గురించి అమెజాన్ వేటగాళ్లు అలాగే చెబుతారు. మాపింగ్వారి గురించి చెప్పేటప్పుడు ఇవేవీ ఉండవు. దాన్ని చంపాలంటే బొడ్డులో కొట్టాలని మాత్రం చెబుతారు. పోస్టు పెట్టేవాళ్లు స్థానికుల మాటకి గౌరవం ఇవ్వమంటారు. నేనూ అదే అంటున్నాను. ఇంత తెలిసిన మనుషుల దగ్గర ఒక్క ఎముక కూడా లేకపోవడం కూడా వాళ్ల సాక్ష్యమే.

అడవి పెద్దది, ఎవరూ చూడలేదంటారా? 2001 నుంచి 2020 దాకా అమెజాన్‌లో రకరకాల పరిశోధకులు పెట్టిన ఆటోమేటిక్ కెమెరాల ఫొటోల వివరాలన్నీ ఒకచోట చేర్చారు. మొత్తం 1,54,000కి పైగా రికార్డులు, 317 జాతులు. మనిషికి అరుదుగా కనపడే పొట్టి చెవుల అడవి కుక్క కూడా అమెజాన్‌లో కెమెరాలకి చిక్కుతుంటుంది. మనిషంత ఎత్తు జంతువు, అదీ తరతరాలు బతకాలంటే వందల సంఖ్యలో ఉండాల్సింది, ఒక్కసారీ వాటి ముందు నుంచి నడవలేదు.

చివరగా, "కరీబియన్ దీవుల్లో నాలుగున్నర వేల ఏళ్ల కిందటి దాకా బతికాయి" అన్న మాట. ఇది సరైనదే. క్యూబాలో, హిస్పానియోలాలో చిన్న సైజు నేల స్లాత్‌లు ప్రధాన భూభాగంలో ఉన్నవాటికంటే వేల ఏళ్లు ఎక్కువ బతికాయి. మనుషులు ఆ దీవులకి ఆలస్యంగా చేరారు, దాదాపు ఆ కాలంలోనే స్లాత్‌లూ పోయాయి. మనిషి ఎప్పుడో చేరిపోయిన అమెజాన్‌కి దీన్ని ఆశగా చూపించడం తలకిందుల లెక్క. ప్రధాన భూభాగంలో "ఇంకా ఆలస్యంగా బతికాయి" అన్న తేదీలు గట్టిగా పరీక్షిస్తే వెనక్కి పోయిన సందర్భమూ ఉంది. అర్జెంటీనాలో కాంపో లబోర్డే దగ్గర మనుషులు కోసిన మెగాథీరియం ఎముకలు ఎనిమిది, తొమ్మిది వేల ఏళ్ల నాటివని మొదట అనుకున్నారు. ఎముకలోని కల్తీని తీసేసి 2019లో మళ్లీ లెక్కేస్తే సుమారు 12,600 ఏళ్లని తేలింది.

ఇక ఎవరైనా ఈ వీడియో పంపితే అడగాల్సింది ఫొటో కాదు, పన్ను. స్లాత్ పంటికి ఎనామెల్ ఉండదు, జీవితాంతం పెరుగుతూనే ఉంటుంది. జాగ్వార్‌తోనో టేపిర్‌తోనో పొరబడే వీల్లేదు. పన్ను దొరక్కపోతే గుప్పెడు పేడైనా సరే. మైలోడాన్ డీఎన్‌ఏ ఆ చిలీ గుహ నమూనాల నుంచే ఇప్పటికే చదివేశారు, పోల్చి చూడటానికి సిద్ధంగా ఉంది.