మౌంట్ మార్చింది కంపెనీ, మాట పడేది మనమా?

ఏళ్ల తరబడి ఒకే బ్రాండ్ వాడిన పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్ వేరే కెమెరా కొంటే, చెన్నైలోని తెలుగు ఫొటోగ్రాఫర్లు సైతం పార్టీ ఫిరాయించినట్టే మాట్లాడతారు. ముందు ఫిరాయించిందెవరు? కానన్ 1987లో ఎఫ్‌డీ మౌంట్‌ని (మౌంట్ అంటే లెన్స్‌ని కెమెరాకి బిగించే అమరిక) వదిలి ఈఎఫ్‌కి, 2018లో ఆర్ఎఫ్‌కి వెళ్లింది. 1959 నాటి ఎఫ్ మౌంట్‌ని దశాబ్దాలు కాపాడుకొచ్చిన నికాన్ కూడా ఆ 2018లోనే జెడ్ తెచ్చింది. డీఎస్ఎల్ఆర్ కెమెరా లోపలుండే అద్దం కొత్త మిర్రర్‌లెస్ కెమెరాల్లో పోయాక లెన్స్ మౌంట్‌కీ సెన్సర్‌కీ మధ్య దూరం నికాన్‌లో 46.5 నుంచి 16 మిల్లీమీటర్లకి, కానన్‌లో 44 నుంచి 20కి తగ్గింది. కారణం సబబే. కానీ డీఎస్ఎల్ఆర్ వదిలేవాడు అదే బ్రాండ్‌లో ఉన్నా సిస్టమ్ మారినట్టే లెక్క. అన్ని కంపెనీలనీ పక్కపక్కన పెట్టి బేరీజు వేయాల్సిన సమయం అదే.

పాత లెన్స్‌ని కొత్త బాడీకి తగిలించే అడాప్టర్ ఉందిగా అంటారు. ఈఎఫ్ లెన్సులకి మోటార్ లోపలే ఉంది కాబట్టి కానన్ వాళ్లకి పెద్ద ఇబ్బంది లేదు. నికాన్ 85 ఎంఎం 1.8డీ, 80-200 2.8డీ లాంటి పాత లెన్సుల సంగతి వేరు. వాటి ఫోకస్‌ని బాడీలోని మోటార్ ఒక చిన్న స్క్రూతో తిప్పేది. నికాన్ సొంత ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌లో ఆ స్క్రూ లేదు, ఫోకస్ చేత్తో తిప్పుకోవాల్సిందే. తలంబ్రాలు ఎగురుతుంటే ఫోకస్ మేర సన్నగా ఉండే 1.8 అపర్చర్ దగ్గర చేత్తో తిప్పి, వధువు కన్ను బదులు చెవికమ్మ షార్ప్‌గా వస్తే ఎవరికి చెప్పుకుంటాం?

‘ఇన్ని లెన్సులున్నాయి, ఎలా మారతాం’ అనేవాళ్లు ముందు వాటిని బ్యాగులోంచి తీసి చూడాలి. చెన్నై గాలిలో తేమకి మూలనపడ్డ లెన్స్‌లో ఫంగస్ పడుతుంది. పాత నికాన్ లెన్స్ అయితే అపర్చర్ రింగ్‌ని అతి తక్కువ అంకెకి తిప్పి, రింగ్ లేని లెన్స్ అయితే వెనకున్న చిన్న మీటని వేలితో తోసి, బ్లేడ్లు తెరుచుకున్నాక మొబైల్ టార్చ్ వేయండి. సాలెగూడు పోగుల్లా కనిపించాయంటే చెన్నై ఎలక్ట్రానిక్స్ మార్కెట్ రిచీ స్ట్రీట్‌కి తీసుకెళ్లినా ధర పడిపోతుంది. ముదిరితే కోటింగ్‌ని తినేస్తుంది, తుడిచినా మచ్చ పోదు. 40-50 శాతం తేమ దగ్గర డ్రై క్యాబినెట్‌లో పెట్టని లెన్స్ ఆస్తి కాదు, కరిగిపోతున్న డబ్బు. వాడనివి ఇప్పుడే అమ్మేయాలి.

చేతి అలవాటు పోతుందన్న వాదనలో మాత్రం బలముంది. నికాన్, కానన్ జూమ్ రింగులు తిరిగేదే ఎదురెదురు దిశల్లో. జీలకర్ర బెల్లం పెట్టే క్షణం మళ్లీ రాదు. అందుకే ముహూర్తాల సీజన్‌లో మారకూడదు. ముందు బాడీ, ఒక లెన్స్ అద్దెకి తెచ్చి చిన్న ఫంక్షన్లలో వాడాలి. కొన్నాళ్లు రెండు బ్రాండ్లూ నడిపితే రెండిటి గడియారాలూ కలిపి, వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదలకుండా ఒకే కెల్విన్ (రంగు ఉష్ణోగ్రత) అంకె పెట్టుకోవాలి. లేకపోతే ఆల్బమ్‌లో ఒకే చీర రెండు రంగుల్లో కనిపిస్తుంది. ఫ్లాష్ ట్రిగ్గర్ కూడా కొత్త బ్రాండ్‌ది విడిగా కొనాలి, ఆ ఖర్చు చాలామంది మర్చిపోతారు.

అసలు పేచీ బ్రాండ్‌తో కాదు, వేరే కంపెనీల లెన్సుల్ని రానివ్వకుండా మౌంట్‌కి వేసే తాళంతో. సోనీ ‘ఈ’ (E) మౌంట్‌కి సిగ్మా, టామ్రాన్ లెన్సులు బోలెడు. లైకా, పానసోనిక్, సిగ్మా 2018లో ఎల్ మౌంట్‌ని పంచుకున్నాయి. కానన్ ఆర్ఎఫ్‌లో సిగ్మా, టామ్రాన్‌లకి 2024లో దారిచ్చింది, అదీ చిన్న సెన్సర్ కెమెరాల ఏపీఎస్-సీ లెన్సులకే. ఫోన్ చార్జర్ల విషయంలో యూరప్ 2024 డిసెంబర్ 28 నుంచి టైప్-సీని తప్పనిసరి చేసింది. అలాంటి పట్టు కెమెరా మౌంట్ల మీద మన ప్రభుత్వం ఎందుకు పట్టకూడదు? కనీసం తయారీ ఆపేసిన మౌంట్ ప్రోటోకాల్ (లెన్స్, కెమెరా ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి) అయినా బయటపెట్టమని కంపెనీలని అడగాలి. అది వచ్చేదాకా, లెన్స్ కొనేముందు ఆ మౌంట్‌కి ఇంకెవరెవరు ఆటోఫోకస్ లెన్సులు చేస్తున్నారో జాబితా రాసుకుని వెళ్లండి. ఒక్క పేరే ఉంటే కొనొద్దు.